అవ్వ దవనం మడి

ఈ మధ్య ఏ పెళ్లికి వెళ్లినా వేదిక పక్కన ఒక బల్ల, దాని నిండా బొకేలు. పెళ్లికొడుకు చేతికివ్వడం, ఫోటో దిగడం, వెనకాల నిలబడ్డ కుర్రాడు దాన్ని అందుకుని బల్ల మీద పడేయడం. భోజనాల వేళకి గుట్ట అవుతుంది. ఎప్పుడైనా ఆ గుట్టలోంచి ఒకటి తీసి వాసన చూశావా నాయనా? చూసి ఉండవు. చూస్తే తెలిసేది, అందులో వాసనే లేదని. పువ్వుకి లేదంటే సరే, జెర్బెరాకి పుట్టుకతోనే లేదు, దాన్నేం అంటాం! ఆకుకి కూడా లేదే! ఒక ఫెర్న్ మట్ట, రెండు అరేకా రెమ్మలు, వెండిరంగు చల్లిన ఇంకేదో ఆకు, చుట్టూ మెరుపు కాగితం, దాని మీద రిబ్బను. పూలగుత్తికి ఆకే ప్రాణమని మా అవ్వ అనేది. మీ కాలానికి ఆకు సందులు పూడ్చే సామాను అయిపోయింది.

మా రోజుల్లో... ఇదిగో మొదలెట్టాడు అని మొహం తిప్పుకుంటావని తెలుసు. తిప్పుకో. నేను చెప్పేది ఎలాగూ ఆపను. మా రోజుల్లో ఆకు కోసమే ఒక మడి ఉండేది. మాది మదనపల్లె పక్కన పల్లె. కార్తీకం వచ్చిందంటే తెల్లవారుజామున మంచు, పగలు పలచటి ఎండ, సందేళకి మళ్లీ చలి. ఇప్పుడు ఆ దారిలో ఎటు చూసినా టమోటా. కర్రలు పాతి తాళ్లు కట్టిన టమోటా, మార్కెట్ యార్డు దగ్గర బారులు తీరిన టమోటా లారీలు. టమోటాని తిట్టను, రోజూ చారు దానితోనే పోసుకుంటున్నాను. కానీ మా నాయన బావి పక్కన ఒక మూలని వేరే ఏ పంటకీ ఇచ్చేవాడు కాదు. వేరుశెనగకి మంచి ధర పలికిన ఏడు కూడా ఆ మూల జోలికి పోలేదు. అది అవ్వ మడి. అందులో దవనం.

దవనం నువ్వు చూసి ఉండవు గనక చెబుతున్నా. మూరెడు ఎత్తు పెరుగుతుంది. ఆకు సన్నగా చీలికలు చీలికలుగా ఉంటుంది, దాని మీద బూడిదరంగు నూగు. కొసల్లో చిన్నచిన్న పసుపు పూలు తలలు వంచుకుని ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. మాచిపత్రికి దగ్గర చుట్టం, చేమంతిది కూడా అదే కుటుంబం. పుస్తకాల్లో ఆర్టెమీసియా పాలెన్స్ అని రాస్తారు. మనకా పేరుతో పని లేదు. కొస నుంచి మొదలు దాకా వాసన, అంతే. ఆ వాసన ఎలా ఉంటుందని అడక్కు, ఎవరూ చెప్పలేరు. మరువం పక్కన పెట్టుకుని చూస్తే మరువం కాస్త ఘాటు, దవనం తీపి. తీపిలోనే ఒక చిన్న చేదు.

మరువానికి ఒక సుఖం ఉంది. కొమ్మ తుంచి మట్టిలో గుచ్చితే బతుకుతుంది, ఏళ్ల తరబడి ఉంటుంది. అందుకే ఇప్పటికీ అపార్ట్‌మెంటు బాల్కనీల్లో అక్కడక్కడా మరువం కుండీ కనిపిస్తుంది. దవనానికి ఆ వీలు లేదు. అది ఒక్క ఏడాది మొక్క. విత్తనం వేసిన నాలుగు నెలలకి పూసి, గింజ కట్టి, ఎండి, తన దారిన తాను పోతుంది. మళ్లీ దవనం కావాలంటే మళ్లీ విత్తనమే. ఆ విత్తనమైనా దాచుకుంటే ఉంటుందా? ఉండదు! ఈ చైత్రంలో రాల్చిన గింజ వచ్చే కార్తీకంలో మొలుస్తుంది. దాన్నే ఇంకో ఏడాది అట్టిపెట్టి వేస్తే మడి మడిగానే ఉంటుంది, మొలక రాదు. అంటే ఒక్క ఏడు బద్ధకించామంటే ఆ ఇంట్లో దవనం తెగిపోయినట్టే. పక్కింటికి వెళ్లి అడగాలి. పక్కింటివాళ్లూ బద్ధకిస్తే పక్క ఊరికి వెళ్లాలి. మీకు ప్రతిదీ దాచుకోవడం అలవాటైపోయింది. ఫోటో దాస్తారు, పాట దాస్తారు, అత్తమ్మ పచ్చడి ఎలా పెట్టిందో వీడియో తీసి దాస్తారు. దవనాన్ని దాచలేరు. వెయ్యాలి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు నడుం వంచి వెయ్యాలి.

వెయ్యడం ఎలాగో కూడా విను, ఎవరికైనా చెప్పడానికి పనికొస్తుంది. గింజ ఎంత చిన్నదంటే, దాని పక్కన పెడితే ఆవగింజ గుమ్మడికాయ. ఎకరా మడికి అరకిలో మీద కాస్త చాలు. మా అవ్వ ఆశ్వయుజం పోతూ ఉండగా ఉట్టి మీది పిడత దింపేది. మూతికి కట్టిన గుడ్డ విప్పేటప్పుడు ఫ్యాను... ఛ, ఫ్యాను ఎక్కడిది, గాలి వస్తోందేమోనని తలుపు దగ్గరికి వేయించేది. పిల్లలెవరూ దగ్గర మాట్లాడకూడదు, ఊపిరి తగిలినా గింజ ఎగిరిపోతుంది. పాత పంచె గుడ్డలో మూట కట్టి రెండు రోజులు నీళ్లలో నానేసేది. తర్వాత నీళ్లు వంచేసి, ఆ తడి మూటనే వెచ్చగా ఒక మూల వేలాడదీసేది. మూడో రోజో నాలుగో రోజో విప్పి చూస్తే తెల్లటి మొలక ముక్కు కనిపించేది. కంటికి ఆనేది కాదు, వెలుతురులో పెట్టి ఏటవాలుగా చూడాలి. అప్పుడు దాన్ని జల్లించిన ఇసుకలో కలిపి, మెత్తగా దున్ని మాగిన పశువుల ఎరువు వేసిన నారుమడిలో చల్లేది. ఇసుకెందుకని అడిగితే, గింజ ఎక్కడ పడిందో కళ్లకి తెలియదు, ఇసుక ఎక్కడ పడిందో తెలుస్తుంది కదరా అనేది. పైన పలచగా గడ్డి. నీళ్లు చెంబుతో పోస్తే గింజలన్నీ ఒక మూలకి కొట్టుకుపోతాయి గనక, డబ్బా అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి దాంతో చల్లడం. చీమలు రాకుండా మడి చుట్టూ బూడిద గీత.

నారు నెలన్నర కాస్త అటూ ఇటూ మడిలో ఉండేది. అక్కడే పెద్ద పేచీ. ఒకరోజు పొద్దున చూస్తే చక్కగా నిలబడ్డ నారు మొదట్లో నల్లగా మెత్తబడి ఒక పక్కకి పడిపోయి ఉండేది. నారుకుళ్లు. నీళ్లు ఎక్కువైనా, ఒత్తుగా చల్లినా వస్తుంది. దానికి మా రోజుల్లో మంచి విరుగుడు ఉండేదని చెప్పాలనే ఉంది గానీ లేదు. పడిపోయిన చోట మట్టి తీసేసి, నీళ్లు ఆపి, దేవుడికి దణ్ణం పెట్టేవాళ్లం. నాట్లు కూడా ఏమంత పాటలు పాడుకునే పని కాదు. తెల్లారి మంచులో గొంతుక్కూర్చుని వరుసకీ వరుసకీ జానెడు లోపు, మొక్కకీ మొక్కకీ బెత్తెడు చొప్పున ఒక్కొక్క నారు పోగు గుచ్చుతుంటే వేళ్లు కొంకర్లు పోయేవి. అమ్మ, అత్త, ఇద్దరు కూలి ఆడవాళ్లు. వాళ్ల కూలీ ఎంతో తలుచుకుంటే ఇప్పుడు మాట పెగలదు. ఆ భాగం మాత్రం తిరిగి రావాలని నేను కోరుకోను. మిగతాదంతా రావాలి.

నాటిన తర్వాత దవనానికి కావలసింది ఎండ, రాత్రి మంచు. వాన పడకూడదు. పుష్యంలో మబ్బు పట్టిందంటే అవ్వ వాకిట్లో నిలబడి ఆకాశంతో పోట్లాడేది. పూతవేళ వాన పడితే మొక్క బతుకుతుంది గానీ వాసన చచ్చిపోతుంది. మాఘం వచ్చేసరికి బావి దగ్గరికి వెళ్లనక్కరలేదు, వీధి మలుపు తిరిగితే చాలు, దవనం మడి ఎక్కడుందో చెప్పేయొచ్చు. కోత మంచు ఆరాక, ఎండ ముదరకముందు. ఆ మధ్యనున్న కాసేపే. తడి మీద కోసి కట్ట కడితే నల్లబడుతుంది, ఎండలో కోస్తే వడలుతుంది. కోసిన కట్టల్ని ఇంట్లో నీడన నిలబెట్టేవాళ్లం, పడుకోబెట్టేవాళ్లం కాదు.

ఇక గుత్తి కట్టడం. బొకే అని మేం అనలేదు, పూలచెండు అనేవాళ్లం. వెనకాల దవనం రెమ్మలు, వాటికి ఆనించి మరువం, ముందు నాలుగు చేమంతులు, సందుల్లో కనకాంబరాలు. నానబెట్టిన అరటినారతో రెండు చుట్లు, ఒక ముడి. అంతే. బళ్లోకి ఇన్‌స్పెక్టరుగారు వస్తే చేతిలో నిమ్మకాయ, ఆ చెండు పెట్టేవాళ్లు. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి మమ్మల్ని ఎక్కాలు అడిగేవాడు, మధ్యమధ్యలో చెండు తీసి ముక్కుకి ఆనించుకునేవాడు. పదమూడో ఎక్కం తప్పు చెప్పిన పిల్లవాణ్ణి కూడా వదిలేశాడు ఒక ఇన్‌స్పెక్టరు. అది దవనం మహిమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. మీ వెండిరంగు ఆకు చేత ఆ పని చేయించు చూద్దాం!

కదంబం కట్టేటప్పుడు కూడా అంతే. రంగురంగుల పూలు వరసగా పేర్చుకుంటూ రెండు వేళ్ల ఎడానికోసారి దవనం రెమ్మ. పూలు సాయంత్రానికి వాడతాయి. దవనం వాడదు, ఎండుతుంది. ఎండినా వాసన పోదు. మర్నాడు అమ్మ జడలోంచి తీసిన కదంబంలో దవనాన్ని ఏరి ట్రంకుపెట్టెలో పట్టుచీరల మడతల్లో వేసేది. వేసవిలో పెళ్లికి పెట్టె తెరిస్తే గదంతా మాఘమాసం. ఇప్పుడు అల్మరాల్లో కలరా ఉండలు.

గుడికి వేరే ఏర్పాటు. కాస్త ఆలస్యంగా నాటిన రెండు సాళ్లు కోయకుండా ఉంచేది అవ్వ. చైత్ర శుద్ధ చతుర్దశి నాడు శివుడికి దమనపూజ. పూలు కాదు, ఆ రోజు దవనమే పూజాద్రవ్యం. తిరుమలలో స్వామి మాలల్లో కూడా తులసితో పాటు మరువం, దవనం ఉంటాయి. దేవుడికి ఆకు విలువ తెలుసు, మీ డెకరేషన్ వాళ్లకి తెలియదు. ఆ సాళ్లలోనే నాలుగు మొక్కలు గింజకి వదిలేవాళ్లం. పూలు గోధుమరంగుకి తిరగ్గానే, గాలి లేని పూట చూసి తలలు తుంచి, చేటలో అరచేత్తో నలిపి, పొట్టు మెల్లగా ఊది, పిడతలోకి. మళ్లీ ఉట్టి మీదికి.

అసలు ఏడాది మొక్కల ఆకుతో, కంకితో గుత్తులు కట్టడం మనకి ఎవరో వచ్చి నేర్పాలా? తెలంగాణలో బతుకమ్మ పేర్చేది ఏంటి? తంగేడు చెట్టు సంగతి వేరు, గునుగు మాత్రం గింజ పడి చేలల్లో తనంతట తాను మొలిచే ఏడాది మొక్కే. దాన్ని కోసుకొచ్చి, రంగులద్ది, వరసలు వరసలుగా పేరుస్తారు. అంత పెద్ద పూల పేర్పు ఏ దేశంలో ఏ ఫ్లోరిస్టు చేశాడో చూపించమను. ఇప్పుడు చేనంతా కలుపుమందు కొడతారు, గునుగు ఎక్కడ మొలుస్తుంది? ఎర్రతోటకూర కంకి, సబ్జా గింజల మొక్క, సీతమ్మవారి జడ, ఇవన్నీ పెరట్లో గింజ రాలి లేచేవి. చేతికి ఏది దొరికితే అది గుత్తిలో చేరేది.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే మా మనవరాలి వల్ల. బెంగళూరులో ఉంటుంది. ఉద్యోగం చాలదన్నట్టు మేడ మీద ఆకులు పెంచుతోంది. కూరాకులు కాదు, బొకేల్లోకి ఆకులు. డస్టీ మిల్లర్ అట, బేసిల్ అట, బెల్స్ ఆఫ్ ఐర్లాండ్ అట. ఆ మూడోదాని గింజలు మొలవాలంటే ముందు చలి చూపించాలని ఫ్రిజ్‌లో పెట్టింది. పెరుగు గిన్నె పక్కన విత్తనాలు! మా కార్తీకం చలి ఫ్రీగా దొరికేది. ఆ చలిని ఇప్పుడు కరెంటు బిల్లు కట్టి కొంటున్నారు. మట్టి కూడా మట్టి కాదు, కొబ్బరిపొట్టు. కొబ్బరికాయ వలిచాక మనం పెంటకుప్పలో పడేసే పొట్టును ఇటుకలు చేసి అమ్ముతారు, వీళ్లు కొని నీళ్లు పోసి ఉబ్బబెడతారు. తొంభై ఎనిమిది గుంటల ప్లాస్టిక్ ట్రే, గుంటకొక గింజ.

"నారుకుళ్లు రాదా?" అని అడిగాను.

"రాదు తాతా. నీళ్లు నిలవవు, ఒకదాని కాలు ఒకటి తొక్కుకోవు కదా" అంది.

ట్రే అడుగు తిప్పి చూశాను. ఒక్కటీ పడిపోలేదు. మా అవ్వ ఆ ట్రేని చూసి ఉంటే ప్లాస్టిక్కని తిట్టి, తర్వాత రెండు అడిగి తీసుకుని ఉండేది. అంతవరకు ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి, పిల్లకి పని తెలుసు. బేసిల్ జానెడు కాగానే తల తుంచేస్తుంది, పక్కకొమ్మలు లేస్తాయని. లేతగా ఉండగా కోయదు, కోస్తే గంటలో తల వేలాడేస్తుందట, కాడ గట్టిపడేదాకా ఆగుతుంది. తెల్లారకముందే కోసి, కింది ఆకులు దూసేసి, బకెట్టు నీళ్లలో మెడదాకా నిలబెట్టి, కొన్ని గంటలు అలా తాగనిచ్చి అప్పుడు కట్ట కడుతుంది. కట్టకి పది కాడలు. ఇవన్నీ ఎవరు నేర్పారే అంటే ఫోన్ చూపించింది. నేను ఎదురుగా కూర్చుని ఉండగా ఫోన్ చూపించింది!

అయినా ఆ బేసిల్‌కి వాసన ఉందని ఆమెకి బేరం తగ్గదు, ఎక్కువ రాదు. కొనేవాళ్లకి వాసనతో పని లేదు, ఫోటోలో పచ్చగా కనబడాలి. గుత్తిని నిలబెట్టేది కూడా నీళ్ల చెంబు కాదు, ఆకుపచ్చ స్పాంజి ముక్క. 1954లో అమెరికాలో పుట్టింది అది. నలిపితే పొడి అవుతుంది గనక మట్టిలో కలిసిపోతుందనుకుంటారు జనం. కలవదు, అది ప్లాస్టిక్కే. మా చెండు వాడితే పెంటలో పడి మళ్లీ మడిలోకే వచ్చేది. మీ బొకే వాడితే పూలు ఒక చోటికి, స్పాంజి ఒక చోటికి, రిబ్బను ఇంకో చోటికి పోవాలి, ఏదీ ఎక్కడికీ పోదు.

దవనం పూర్తిగా పోయిందని కాదు. కర్ణాటక వైపు పొలాల్లో బాగానే వేస్తున్నారు, కానీ ఎక్కువగా నూనెకి. వంద కిలోల పచ్చిమొక్కని ఆవిరి పట్టిస్తే దాదాపు రెండువందల గ్రాముల నూనె దిగుతుంది. అది సీసాల్లో పై దేశాలకి వెళ్లి సెంటుల్లో, తినుబండారాల పరిమళాల్లో కలుస్తుంది. రైతుకి నాలుగు డబ్బులు వస్తాయి, సంతోషం. కానీ ఎక్కడో పారిస్‌లో ఎవరి మణికట్టు మీదో మన దవనం వాసన వేస్తూ, మన పెళ్లిలో మన పిల్ల చేతిలో వాసన లేని ఫెర్న్ ఉండడం ఏం న్యాయం?

ఒకరోజు మనవరాలు ఫోన్ చేసి, "తాతా, నువ్వు చెప్పే దవనం గింజలు తెప్పించాను, ఎంత చూసినా మొలవట్లేదు" అంది. ప్యాకెట్ మీద ఏముందో చదవమన్నాను. ప్యాక్ చేసిన తేదీ ఉంది. గింజ ఏ చైత్రంలో రాల్చిందో మాత్రం లేదు. ఎక్కడో గోడౌన్‌లో రెండేళ్లు కూర్చున్న గింజకి కొత్త కవర్ తొడిగితే మొలుస్తుందా? దానికి ఫ్రిజ్ చూపించినా, కొబ్బరిపొట్టు వేసినా ఒకటే. నాకు లోపల్లోపల ఎంత సంతోషం వేసిందో చెప్పకూడదు గానీ, వేసింది. ఇదొక్కటి ఫోన్‌లో దొరకలేదు.

మా అక్క ఊళ్లో ఇప్పటికీ వేస్తుంది. మడి పోయింది, ఆ బావి పూడిపోయింది, పెరట్లో మంచమంత చోటు మిగిలింది. అందులోనే వేస్తుంది. అవ్వ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత అక్క. మోకాళ్లు సహకరించని ఏడు కూడా పీట వేసుకుని కూర్చుని నాటింది. నేను ప్రతి వేసవీ వెళ్లి గింజ తెచ్చుకుని మేడ మీద కుండీల్లో వేస్తాను. మనవరాలికి కాగితం పొట్లం కట్టి ఇచ్చాను, కొరియర్లో పంపమంటే పంపలేదు, వచ్చి తీసుకెళ్లమన్నాను. వచ్చింది. నానబెట్టే గుడ్డ మాత్రం పాత నూలుదే ఉండాలని చెప్పి నా పంచె చింపి ఇచ్చాను. మొలకెత్తించాక ఆ ట్రేలోనే వేస్తానంది. వేసుకోమన్నాను. గుంటకి రెండు మూడు గింజలు వెయ్యి, ఇసుక కలపడం మరిచిపోకు అన్నాను. ట్రేలో ఇసుక ఎందుకు తాతా అంది. ఎందుకో నేనూ ఆలోచించాను. అయినా కలపమన్నాను.

నీక్కూడా కావాలా? ఉగాది దాటాక రా, చేటలో గింజ నలిపే రోజుల్లో. పొట్లానికి డబ్బులు తీసుకోను గానీ వచ్చే చైత్రానికి నాకు చిటికెడు గింజ తిరిగి ఇవ్వాలి, అదీ నీ మడిలో పండిందై ఉండాలి. సంచి తెచ్చుకోకు, ప్లాస్టిక్ డబ్బా అసలే వద్దు. పొడిగా ఉన్న కాగితం తెచ్చుకో. వచ్చేటప్పుడు గుమ్మం దగ్గరే ఫ్యాను స్విచ్ ఉంటుంది, ముందు అది ఆపి లోపలికి రా.